పంతులమ్మ సెప్టిమా క్లార్క్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతివారు సాగించిన హక్కుల పోరాటమనగానే మన పాఠకులకు మార్టిన్ లూథర్ కింగ్ స్ఫురించును. ఆయన కీర్తి దిగంతములకు వ్యాపించెను; అది న్యాయమే. కాని ఆ పోరాటమునకు ఓటర్లను సమకూర్చినవారిలో అగ్రగణ్యురాలు ఒక బడిపంతులమ్మ యనియు, ఆమె ఆ పనికి పూనుకొనునాటికి 58 ఏండ్లు నిండెననియు, అప్పటికే ప్రభుత్వము ఆమె ఉద్యోగమును ఊడబెరికెననియు ఎరిగినవారు మనలో అరుదు. ఆమె పేరు సెప్టిమా పాయిన్సెట్ క్లార్క్.

సెప్టిమా 1898 మే 3వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రములోని చార్లెస్టన్ రేవు పట్టణమున జన్మించెను. తండ్రి పీటర్ పాయిన్సెట్ బానిసగా పుట్టినవాడు. ఆయన పుట్టినది జోయెల్ పాయిన్సెట్ అను దొరవారి తోటలో. శీతకాలమున ఎర్రని ఆకులతో మన తోటలలో గూడ కనబడు పాయిన్సెట్టియా మొక్కను మెక్సికో నుండి అమెరికాకు తెచ్చినవాడు ఈ దొరయే. అందుచే దానికి ఆయన పేరు కలిగెను. మొక్కకును మనిషికిని ఒకే దొర పేరు! బాల్యమున పీటర్ చేసిన చాకిరిలో ఒకటి, యజమానుల బిడ్డల పుస్తకములను మోసికొనిపోయి బడివాకిట దింపి, వారు మరల వచ్చువరకు వెలుపల కాచుకొనియుండుట. పుస్తకములు మోసినవానికి అక్షరము రాలేదు. ఈ యొక్క సంగతి చాలును, కుమార్తె జీవితమంతయు ఏ దిక్కునకు నడచెనో గ్రహించుటకు.

తల్లి విక్టోరియా చార్లెస్టన్‌లో పుట్టి, నల్లవారు స్వయముగా ఏలుకొనుచుండిన హైటీ దీవిలో పెరిగెను. తాను ఎవరికిని బానిసను కాననెడి అభిమానము ఆమెకు మిక్కుటము. ఇతరుల బట్టలను తన యింటనే ఉతికి సంసారము నడపెనే కాని, ఒకరి యింటికి దాసిగా పోవుటకు అంగీకరింపలేదు. తండ్రి నుండి ఓర్పును, తల్లి నుండి వెన్ను వంచని స్వభావమును ఆ బిడ్డకు అబ్బెను.

ఏవరీ అను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సెప్టిమా 1916లో చదువు ముగించెను. పై చదువులకు స్తోమత లేదు. ఉద్యోగము చేయుదమన్న చార్లెస్టన్ నగర పాఠశాలలలో నల్లవారిని ఉపాధ్యాయులుగా చేర్చుకొనరు. నల్లపిల్లలు చదువు బడులలో గూడ తెల్లవారే బోధించుచుండిరి. అందుచే 18 ఏండ్ల ప్రాయమున ఆమె సముద్రపు పాయలలో పడవపై గంటల తరబడి పయనించి జాన్స్ ఐలండ్ అను దీవికి చేరెను.

ఆ దీవిలోని బడిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. పిల్లలు 132 మంది. ఉపాధ్యాయినులు ఇద్దరు. ప్రధానోపాధ్యాయిని భారము గూడ మోయుచుండిన సెప్టిమాకు నెలకు 35 డాలర్లు, రెండవ ఆమెకు 25. అచటికి చేరువనే తెల్లపిల్లల బడి. అందు పిల్లలు ముగ్గురు. వారి ఉపాధ్యాయినికి 85 డాలర్లు. నల్లబల్ల లేదు. చలువ బట్టలు చుట్టియిచ్చు కాగితపు సంచులను చింపి, వానిపై ఆ చుట్టుపట్ల చెట్లను, దారులను, పిల్లల బ్రతుకును గూర్చిన చిన్న కథలను వ్రాసి, గోడకు దిగగొట్టి ఆమె చదివించుచుండెను. పంటకోతల కాలము వచ్చినచో పెద్దపిల్లలు బడికి రారు. తోటల యజమానుల పనులు తీరిన పిదపనే వారికి చదువు. రాత్రులందు పెద్దలు వచ్చి, సంఘములలో ప్రసంగించుటకు నాలుగు మాటలు వ్రాసియిమ్మని అడుగుదురు. వ్రాసియిచ్చుటతో ఆమెకు తృప్తి కలుగలేదు. వారికి చదువనేర్పుట మొదలిడెను. వయోజనులకు అక్షరము నేర్పు విద్యను ఆమె అభ్యసించినది ఏ శిక్షణ కళాశాలలోనో కాదు, ఆ దీవి వాసుల నడుమ, దీపపు వెలుగున.

మూడేండ్ల అనంతరము ఆమె ఏవరీ పాఠశాలకే ఉపాధ్యాయినిగా మరలివచ్చెను. నల్లపిల్లల బడులలో నల్లవారిని ఉపాధ్యాయులుగా నియమింపవలెనని ఎన్.ఏ.ఏ.సి.పి. అను జాతీయ సంఘము ఆ దినములలో ఉద్యమించుచుండెను. ఇది కొందరు సంపన్నులైన నల్లవారి కోరికయే కాని సామాన్య జనుల కోరిక కాదని అధికారులు త్రోసిపుచ్చుచుండిరి. సెప్టిమా తన తరగతి పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగి సంతకములు కూర్చెను. పలువురు కూర్చిన సంతకములు వేలకొలది యయ్యెను. 1920లో శాసనము మారెను. సంతకము చేయగల చేయి ఎంత బలమైనదో ఆమెకు ఆనాడే తెలిసివచ్చెను.

ఆ యేడే నీరీ క్లార్క్ అను నావికుని ఆమె వివాహమాడెను. తొలి బిడ్డ పురిటిలోనే పోయెను. 1925లో కుమారుడు కలిగిన కొలది నెలలకే భర్త మూత్రపిండముల వ్యాధిచే మరణించెను. ఆమె మరల వివాహము చేసికొనలేదు. బిడ్డను అత్తవారి వద్ద పెంపకమునకు విడువవలసివచ్చెను. పంతులమ్మ జీతము ఇద్దరి పోషణకు చాలినది కాదు. ఆ దుఃఖమును గూర్చి ఆమె అధికముగా చెప్పుకొనిన జాడలు లేవు. మనమును అంతటితో విడుతము.

1929 నుండి 1947 వరకు రాష్ట్ర రాజధాని కొలంబియా నగరమున ఆమె ఉపాధ్యాయినిగా పనిచేసెను. వేసవి సెలవులలో చదివి చదివి 1942లో బెనెడిక్ట్ కళాశాల నుండి బి.ఏ., 1946లో హాంప్టన్ నుండి ఎం.ఏ. పట్టములు సాధించెను. పట్టము చేతికి వచ్చునాటికి ఆమెకు 48 ఏండ్లు! ఒకే అర్హతలు గల నల్ల ఉపాధ్యాయులకును తెల్ల ఉపాధ్యాయులకును సమాన వేతనమీయవలెనని 1945లో న్యాయస్థానమున సాగిన వ్యాజ్యమునకు ఆమె తోడ్పడెను. అందు వాదించిన న్యాయవాది థర్గుడ్ మార్షల్. తరువాతి కాలమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి పీఠమెక్కిన తొలి నల్లజాతీయుడు ఆయనయే. వ్యాజ్యము గెలిచెను.

తల్లి వ్యాధిగ్రస్తురాలు కాగా 1947లో ఆమె చార్లెస్టన్‌కు తిరిగివచ్చెను. 1954లో టెన్నెసీ రాష్ట్రమున మాంటీగిల్ కొండప్రాంతమందలి హైలాండర్ అను జానపద విద్యాలయమును తొలిసారి దర్శించెను. మైల్స్ హార్టన్ అను తెల్లజాతీయుడు 1932లో తన మిత్రునితో కలసి స్థాపించిన సంస్థ అది. అచట నల్లవారును తెల్లవారును ఒకే పంక్తిని భుజించి, ఒకే కప్పు క్రింద నిద్రించి, ఒకరి కష్టములను మరొకరు వినుచుండిరి. దక్షిణ రాష్ట్రములలో ఆ కాలమున ఇది ఎంత సాహసమో మనదేశమున పంక్తిభేదములు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1955 వేసవిలో సెప్టిమా నడపిన శిక్షణ శిబిరమునకు మాంట్‌గోమరీ నగరము నుండి రోజా పార్క్స్ అను కుట్టుపనిచేయు స్త్రీ వచ్చెను. మితభాషిణి. తన ఊరి జనము ఒక్కటిగా నిలువరని ఆమెకు నిరాశ. ఆ యేడు డిసెంబరు 1వ తేదీన ఆమెయే బస్సులో తెల్లవానికి చోటు విడువ నిరాకరించెను. తరువాతి కథ లోకవిదితము.

ఇక సెప్టిమా జీవితమున కఠిన పరీక్ష. 1956లో దక్షిణ కరోలినా శాసనసభ, ప్రభుత్వోద్యోగులెవరును ఎన్.ఏ.ఏ.సి.పి. సంఘమున సభ్యులుగా ఉండరాదని చట్టము చేసెను. సభ్యత్వమును దాచినచో ఉద్యోగము నిలుచును, పలువురు దాచిరి. ఆమె దాచలేదు. పాఠశాలల మండలి ఆమె ఉద్యోగమును కొనసాగింపలేదు. 40 ఏండ్ల సేవయు, దానితో రావలసిన పింఛనును ఒక్కమారుగా పోయెను. ఆమె 726 మంది నల్ల ఉపాధ్యాయులకు లేఖలు వ్రాసి, అందరము కలసి ఈ అన్యాయమును ఎదిరింతము రండని పిలిచెను. 26 మంది మాత్రమే ప్రత్యుత్తరమిచ్చిరి. అధికారిని కలియుటకు వెంట వచ్చినవారు ఇంకను తక్కువ. తన మహిళా సంఘమువారు ఆమె గౌరవార్థము సభ జరిపిరి కాని, ఆమె ప్రక్కన నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనుటకు జంకిరి. చిత్రము పత్రికలో పడినచో తమ ఉద్యోగములు పోవునని వారి భయము.

ఇచట ఆ ఉపాధ్యాయులను నిందించుట సులభము. జీతముపై బ్రతుకు కుటుంబీకుని భయమెట్టిదో ఎరిగినవారు నిందింపరు. సెప్టిమాయు నిందింపలేదు. తప్పు తనలో వెదకికొనెను. వారు సిద్ధముగా లేరు, వారిని సిద్ధపరచకయే తాను పిలిచితినని ఆమె గ్రహించెను. జనులను నడువుమనుటకు ముందు వారికి ఏమి కావలెనో అడిగి, వారి కాలిలో బలము చేకూర్చవలెను. ఈ యెరుకయే ఆమె తరువాతి కార్యమంతటికిని పునాది యయ్యెను. ఉద్యోగము పోయిన ఆమెను హైలాండర్ విద్యాలయము శిక్షణ శిబిరముల నిర్వాహకురాలిగా నియమించెను.

ఆ కాలమున నల్లవారికి ఓటు లేకుండ చేయుటకు దక్షిణ రాష్ట్రములు పన్నిన పన్నుగడను తెలిసికొనవలెను. అమెరికా రాజ్యాంగము 1870లోనే నల్లజాతి పురుషులకు ఓటుహక్కును ఒసగెను. ఆ హక్కును బహిరంగముగా తీసివేయలేక, అక్షరాస్యత అను మిషను కల్పించిరి. దక్షిణ కరోలినాలో ఓటరుగా నమోదు కాగోరువాడు రాష్ట్ర రాజ్యాంగము నుండి అధికారి చూపిన భాగమును చదివి చూపవలెను, తన సంతకము చేయవలెను. చదువుకొనుటకు బడులు ఇయ్యరు, చదువు రాదని ఓటు ఇయ్యరు! మనయందు నిరక్షరులు వేలిముద్ర వేసినట్లు, అచట ఇంటూ గుర్తు పెట్టుట వాడుక.

జాన్స్ ఐలండ్‌లో ఈసా జెంకిన్స్ అను ఉద్యోగి, ఉద్యోగి యన తప్పు, స్వంత బస్సు నడుపుకొను రైతు ఉండెను. దీవి కూలీలను ప్రతిదినము చార్లెస్టన్‌కు చేర్చును. బస్సు నడచుచుండగా రాజ్యాంగములోని భాగములను ప్రయాణికులకు వినిపించి కంఠస్థము చేయించుచుండెను. ఆలిస్ వైన్ అను ఒక స్త్రీ అట్లు కంఠస్థము చేసి ఓటరైనది; కాని ఆమెకు తృప్తి లేదు. తనకు నిజముగా చదువు కావలెనని కోరెను. బస్సు నడుపుచు చదువు చెప్పుట ఎట్లు? ఈసా జెంకిన్స్ ఈ ప్రశ్నను హైలాండర్‌కు కొనిపోయెను. ఆ విద్యాలయమిచ్చిన 1500 డాలర్ల ఋణముతో దీవివారి సంఘము ఒక పాత బడి భవనమును కొని, ముందుభాగమున సహకార కిరాణా దుకాణము పెట్టి, వెనుక గదులలో తరగతి ఏర్పరచెను. దుకాణమునకు వచ్చిపోవు జనమని తెల్లవారు తలంతురు. వెనుక అక్షరాభ్యాసము సాగును.

బోధించువారెవరు? శిక్షణ పొందిన పంతుళ్లను సెప్టిమా ఎన్నుకొనలేదు. శిక్షణ పొందినవాడు పామరుని చూచి పెదవి విరుచునేమో యను శంక ఒకటి, ఉద్యోగము పోవునను భయము మరొకటి. ఆమె తన బంధువైన బెర్నీస్ రాబిన్సన్ అను స్త్రీని ఒప్పించెను. ఆమె చార్లెస్టన్‌లో స్త్రీలకు కేశాలంకరణ చేయు దుకాణము నడపుకొనుచుండెను. ఖాతాదారులందరును నల్ల స్త్రీలే. ఏ తెల్ల యజమానియు ఆమెను పనిలోనుండి తొలగింపజాలడు. ఈ ఎంపికలోని వివేకమును ఎంత పొగడినను తక్కువే.

1957 జనవరి 7వ తేదీ రాత్రి తొలి తరగతి. వచ్చినవారు 14 మంది. బెర్నీస్ బాలశిక్షవంటి చిన్నపిల్లల పుస్తకములను తెచ్చి, పొలములో పండిన ఆ ముఖములను చూచి, అవి తగవని తక్షణమే ప్రక్కన బెట్టెను. తాను ఉపాధ్యాయినిని కాననియు, అందరము కలసి నేర్చుకొందమనియు చెప్పి, వారికేమి కావలెనో అడిగెను. తమ పేరు వ్రాయవలెను. బైబిలు చదువవలెను. సైన్యములోనున్న కొడుకునకు ఉత్తరము వ్రాయవలెను. మనియార్డరు ఫారము, తపాలాలో వస్తువులు తెప్పించుకొను ఫారము పూరింపవలెను. ఇవే పాఠ్యాంశములయ్యెను. లెక్కలు చెప్పునపుడు విత్తనముల వెల, ఎరువుల వెల, బస్సుకు పట్టు పెట్రోలు గ్యాలన్లు. రాజ్యాంగములోని కఠిన పదములు గోడపై వ్రాసి నిత్యము పలికించిరి.

మన దేశమున 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమము ఆరంభమైన పిమ్మట రాత్రిబడులలో పనిచేసిన ఉపాధ్యాయులు ఒక సంగతి ఎరుగుదురు. నాగలిమేడి పట్టిన చేతికి పలకబలపము బరువు. సెప్టిమా దీనికొక ఉపాయము ముందే కనిపెట్టియుండెను. అట్టముక్కపై విద్యార్థి పేరును లోతుగా గీసి, ఆ గాడిలో పెన్సిలును మరల మరల నడపించుట. చేయి త్రోవను నేర్చుకొనును. అట్టను తీసివేసిననాడు పేరు తనంత తాను కాగితముపై వెలయును. ఆ తొలి తరగతిలోనే 65 ఏండ్ల వృద్ధురాలు ఒకతె, బల్లపై వ్రాసిన పేర్లన్నిటి నడుమ తన పేరును గుర్తించి బెత్తముతో చూపెనట. ఆనాడు బెర్నీస్ రాబిన్సన్‌కు ఒడలు పులకరించెనని ఆమెయే తరువాత చెప్పుకొనెను. ఉపాధ్యాయ వృత్తిలోనున్నవారికి ఇంతకు మించిన జీతము వేరొకటి గలదా?

ఆ వార్త ప్రక్క దీవులైన వాడ్మలా, ఎడిస్టో, డాఫస్కీలకు పాకెను. వ్యవసాయపు పనులు తెరపియిచ్చు చలికాలమున తరగతులు సాగినవి. వీనికి పౌరసత్వ పాఠశాలలని పేరు. తెల్లవారి ప్రభుత్వములు చూచుచు ఊరకుండునా? 1959 జూలై 31వ తేదీ రాత్రి టెన్నెసీ పోలీసులు హైలాండర్‌పై దాడి చేసిరి. హార్టన్ విదేశమున ఉండెను. విద్యాలయము సెప్టిమా సంరక్షణలో ఉండెను. సారాయి దాచెనను నేరము మోపి, జన్మమున మద్యము ముట్టని 61 ఏండ్ల ఆమెను చెరసాలకు కొనిపోయిరి. అభియోగము నిలువలేదు. పోలీసులు గదులు గాలించుచున్నంతసేపు చీకటిలో కూర్చున్న యువతీయువకులు మేము జయింతుమను పాటను పాడుచు, తమకు భయము లేదను చరణమును అప్పటికప్పుడు చేర్చిరి. ఆ చరణము నేటికిని ఆ పాటలో నిలిచియున్నది.

1961లో ప్రభుత్వము హైలాండర్ అనుమతిపత్రమును రద్దుచేసి ఆస్తిని స్వాధీనము చేసికొనెను. కాని పౌరసత్వ పాఠశాలల పని అప్పటికే కింగ్ నాయకత్వమున నడచు దక్షిణ క్రైస్తవ నాయకత్వ సమాఖ్యకు బదిలీ యయ్యెను. జార్జియా రాష్ట్రములోని డార్చెస్టర్ కేంద్రమున సెప్టిమా, డొరతీ కాటన్, ఆండ్రూ యంగ్ అను మువ్వురు శిక్షకులు. దక్షిణ రాష్ట్రములన్నిటి నుండి రైతులు, వంటమనుషులు, క్షురకులు, కూలీలు ఐదు దినములు నేర్చుకొని తమ ఊళ్లకు పోయి బడి తెరచుచుండిరి. నేర్చినవాడు నేర్పువాడగుటయే ఆ పద్ధతి. మిసిసిపీలో ప్రత్తితోటల కూలియై, పిదప దేశప్రసిద్ధురాలైన ఫానీ లూ హామర్ గూడ ఈ శిక్షణ పొందినది. 1963 జూన్ మాసమున చార్లెస్టన్‌లోని శిబిరము నుండి తిరిగివచ్చుచుండగా వినోనా అను ఊర పోలీసులు ఆమెను చెరబెట్టి ఒడలు విరుగ కొట్టించిరి. అక్షరము నేర్చుకొనుటకు ఇంత వెల చెల్లించినవారు ఎందరో.

1957 నుండి 1970 వరకు 897 పౌరసత్వ పాఠశాలలు నడచెననియు, పదివేల మందికి పైగా బోధకులు తయారైరనియు సెప్టిమా లెక్క చెప్పెను. 1965 ఆగస్టు 6వ తేదీన అమెరికా దేశమున ఓటుహక్కుల చట్టము వచ్చి, నల్లవారిని అడ్డిన అక్షరాస్యతా పరీక్షలను నిలిపివేసెను. అయినను తరగతులు మూతపడలేదు. ఓటు వచ్చిన పిదప దానిని ఎట్లు వినియోగింపవలెనో తెలిసికొనుట గూడ చదువే కదా.

ఒక ముఖ్యవిషయమును దాచుట ధర్మము కాదు. జాతిభేదమును ఎదిరించిన ఆ సమాఖ్యలోనే స్త్రీలకు సమానస్థానము లేకుండెను. కార్యవర్గమున ఈమె ఏల ఉండవలెనని రాల్ఫ్ అబర్నథీ పలుమారులు ప్రశ్నించెను. ఈ పాఠశాలలను సమాఖ్యకు తెచ్చినది ఈమెయేనని కింగ్ సమాధానపరచుచుండెను. ఊరూర ఉద్యమములను కింగ్ ఒక్కడే నడపక, ఆయా ఊళ్లలో నాయకులను తయారుచేయవలెనని సెప్టిమా ఆయనకు లేఖ వ్రాసెను. ఆ లేఖను చదువగా సభలోనివారు నవ్విరట. 726 లేఖలు వ్రాసి నేర్చుకొనిన పాఠమునే ఆమె ఆ లేఖలో విన్నవించెను; కాని నవ్వినవారికి అది తెలియదు. కింగ్‌పై ఆమెకు గల గౌరవము దీనివలన తగ్గలేదు. 1964లో ఆయన నోబెల్ శాంతి బహుమానము స్వీకరించుటకు ఆస్లో నగరమునకు పోయినపుడు వెంట పోయినవారిలో ఆమెయు ఉండెను. అయినను పురుషుల ఈ అలక్ష్యమును ఆమె వృద్ధాప్యమున ఏ సంకోచము లేక బయటపెట్టెను. పూజ్యులను పూజించుచునే వారి లోపమును చెప్పగలుగుట అందరికి అలవడు గుణము కాదు.

1970లో ఆమె సమాఖ్య నుండి విశ్రాంతి పుచ్చుకొని చార్లెస్టన్ చేరెను. 1956లో తనను తొలగించిన పాఠశాలల మండలికే 1975లో ప్రజలు ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనిరి. 1976లో రాష్ట్ర గవర్నరు ఆమె పింఛనును పునరుద్ధరించెను. తొలగింపబడిన కాలమునకు రావలసిన బకాయిని చెల్లించుటకు శాసనసభ 1981లో గాని అంగీకరింపలేదు; అప్పటికి ఆమెకు 83 ఏండ్లు. 1979లో రాష్ట్రపతి కార్టర్ ఆమెను సత్కరించెను. ఆమె చెప్పగా సింథియా స్టోక్స్ బ్రౌన్ కూర్చిన జీవితకథ 1986లో వెలువడి, మరుసటి యేడు అమెరికన్ బుక్ అవార్డు పొందెను.

1987 డిసెంబరు 15వ తేదీన సెప్టిమా క్లార్క్ తన 89వ యేట జాన్స్ ఐలండ్‌లో కన్నుమూసెను. చార్లెస్టన్‌లోని ఓల్డ్ బెతెల్ చర్చి శ్మశానమున ఆమె సమాధి యున్నది.